పెట్టె కన్నా ముందు ఫోను సర్దుకోండి!

*ఐదేళ్ల విరామం తర్వాత మన దేశం నుంచి చైనాకు నేరుగా విమానాలు మళ్లీ ఎగురుతున్నాయి. మొదటి విమానం దిగిన ఊరు గ్వాంగ్‌జౌ. అక్కడికి కొత్తగా వెళ్లేవాళ్లు తడబడేది ఎక్కడ? తడబడకుండా ఉండాలంటే ఏం చేయాలి?*

ఉదయం ఏడున్నర. గ్వాంగ్‌జౌ పాతపేటలో ఓ టీ హోటల్. గుండ్రటి బల్లల చుట్టూ తాతలు, నాయనమ్మలు, పేపరు తిరగేసేవాళ్లు, మనవల నోట్లో ముద్దలు కుక్కేవాళ్లు... పెళ్లి పందిట్లో ఉన్నంత సందడి. ముందురోజే మన దేశం నుంచి దిగిన కుర్రాడొకడు మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా చిన్న గిన్నె, కప్పు, రెండు పుల్లలు, పక్కన ఖాళీగా ఓ పెద్ద గిన్నె. టీ కూజా వచ్చింది. ఇంత పెద్ద గిన్నె పెట్టారంటే టీ ఇందులోనే కాబోలనుకుని నిండా పోసుకున్నాడు. రెండు చేతులా ఎత్తి గుటకేశాడు.

పక్క బల్ల దగ్గరి ముసలావిడకు నవ్వాగలేదు. లేచి వచ్చి అతని కప్పు, చిన్న గిన్నె, పుల్లలు వేడి టీతో తొలిచి, ఆ నీళ్లను పెద్ద గిన్నెలో పారబోసి చూపించింది. అది కడుగునీళ్ల గిన్నె! తినబోయే ముందు గిన్నెలన్నీ టీతో తొలవడం గ్వాంగ్‌జౌ వాళ్ల అలవాటు. కుర్రాడూ నవ్వేశాడు, హోటల్లో సగం మందీ నవ్వారు.

అసలు చిక్కు బిల్లు దగ్గర వచ్చింది. ఫోనులో చెల్లింపు యాప్ ఉంది, కార్డూ జోడించాడు. బ్యాంకు ఓటీపీ అడిగింది. ఓటీపీ రావాల్సిన భారతీయ సిమ్ము హోటల్ గదిలో, పర్సు మడతలో ఉంది. వంద యువాన్ల నోటిస్తే చిల్లర కోసం కౌంటర్లో అమ్మాయి రెండు సొరుగులు వెతికింది.

మర్యాదలు తెలియకపోతే నవ్వుతో పోతుంది. ఫోను సిద్ధంగా లేకపోతే మాత్రం రోజంతా పోతుంది. గ్వాంగ్‌జౌ గురించి కొత్తవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

ఐదేళ్ల తర్వాత రెక్కలు

కొవిడ్‌తో 2020లో ఆగిపోయిన భారత్-చైనా విమానాలు సరిహద్దు ఉద్రిక్తతల వల్ల ఆ తర్వాతా కదల్లేదు. 2025లో పరిస్థితి మెత్తబడింది. వేసవిలో కైలాస మానస సరోవర యాత్ర మళ్లీ మొదలైంది, చైనీయులకు మన దేశం పర్యాటక వీసాలివ్వడం తిరిగి ప్రారంభించింది. అక్టోబరు 26న కోల్‌కతా నుంచి ఇండిగో విమానం గ్వాంగ్‌జౌకు బయల్దేరింది. నవంబరులో దిల్లీ నుంచీ మొదలైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల వాళ్లు ఈ రెండు ఊళ్ల మీదుగానో, హాంకాంగ్, బ్యాంకాక్, సింగపూర్‌ల మీదుగానో వెళ్లొచ్చు.

బీజింగ్, షాంఘైలుండగా మొదటి విమానం గ్వాంగ్‌జౌకే ఎందుకు? వ్యాపారం కోసం. పాత పుస్తకాల్లో కాంటన్‌గా కనిపించేది ఈ ఊరే. 1757 నుంచి 1842 దాకా పాశ్చాత్యులు సముద్రం మీదుగా చైనాతో వ్యాపారం చేయాలంటే ఈ ఒక్క రేవుకే రావాలి. బొంబాయి పార్సీలు కూడా ఆ రోజుల్లోనే ఇక్కడికి వచ్చి వ్యాపారాలు చేశారు. 1957లో మొదలైన కాంటన్ ఫెయిర్ ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఫ్యాను రెక్క నుంచి పసిపిల్లల బొమ్మ దాకా ఏది కొనాలన్నా ప్రపంచం నలుమూలల నుంచి కొనుగోలుదారులు అక్కడికి చేరతారు. వాళ్లలో మన వర్తకులూ ఉంటారు. వాళ్లు కాక, చైనా విశ్వవిద్యాలయాల్లో వైద్యం చదివే పిల్లలను చూడ్డానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులున్నారు. ఈమధ్య ఊరికే చూసొద్దామని బయల్దేరేవాళ్లూ పెరుగుతున్నారు.

గడప దగ్గరే మెలిక

చైనా 2024 డిసెంబరులో ఓ వెసులుబాటు తెచ్చింది. వేరే దేశానికి వెళ్తూ దారిలో ఆగేవాళ్లు 240 గంటలు, అంటే పది రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. యూట్యూబులో విదేశీయులు సంబరంగా చెప్పే 'వీసా అక్కర్లేదు' మాట దీని గురించే. యాభైకి పైగా దేశాలున్న ఆ జాబితాలో భారత్ లేదు. మనవాళ్లకు వీసా తప్పనిసరి. పర్యటనకైతే ఎల్ వీసా, వ్యాపారానికైతే ఎం వీసా. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి దరఖాస్తుకు దిల్లీ వైపో ముంబయి, కోల్‌కతాల వైపో చూడాలి. టికెట్టు కొనకముందే ఆ పని మొదలుపెట్టడం మేలు.

చాలామంది బోర్లాపడేది ఇంకోచోట. గ్వాంగ్‌జౌ నుంచి హాంకాంగ్ బుల్లెట్ రైల్లో సుమారు గంట దూరం. ఇంత దగ్గరికొచ్చి చూడకపోతే ఎలా అని ఒక పూట వెళ్తారు. హాంకాంగ్‌లో అడుగు పెట్టారంటే చైనా వీసా లెక్కలో దేశం దాటినట్టే. ఒక్కసారి ప్రవేశానికిచ్చిన వీసా అక్కడితో సరి, సామానేమో గ్వాంగ్‌జౌ హోటల్లో! హాంకాంగ్ ఆలోచన ఏ మూలనున్నా రెండుసార్ల ప్రవేశానికి వీసా అడగాలి. భారతీయులు హాంకాంగ్‌లో 14 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు గానీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని ఆ కాగితం చేతిలో పట్టుకెళ్లాలి. దానికి రుసుము లేదు.

చైనాలో దిగిన 24 గంటల్లోగా ఎక్కడ బస చేశారో పోలీసుల దగ్గర నమోదు కావాలి. హోటల్లో దిగితే పాస్‌పోర్టు చూసి వాళ్లే ఆ పని చేస్తారు. కొడుకు గదిలోనో స్నేహితుడి ఇంట్లోనో దిగితే మాత్రం దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కు మనమే వెళ్లాలి. 'మనింట్లోనే కదా' అనుకుని మానేస్తే జరిమానా పడొచ్చు.

జేబులో డబ్బుంది... ఇవ్వలేం!

చైనా వీధుల్లో పర్సు తీసేవాళ్లు అరుదు. కూరల బండి, చెప్పులు కుట్టే తాత, గుడి ముందు అగరుబత్తులమ్మే ఆవిడ... అందరి దగ్గరా క్యూఆర్ కోడే. మనకది వింతేమీ కాదు, ఫోన్‌పే, గూగుల్‌పేలతో ఆరితేరాం. అందుకే మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే దెబ్బ తింటారు. యూపీఐని నమ్ముకుని విమానమెక్కకూడదు. అక్కడ నడిచేవి అలీపే, వీచాట్‌పే.

2023 వరకు చైనా బ్యాంకు ఖాతా లేనిదే వాటిని వాడటం కష్టంగా ఉండేది. ఆ ఏడాది జులైలో రెండూ విదేశీ వీసా, మాస్టర్ కార్డులకు తలుపులు తీశాయి. 2024లో ఒక్కో చెల్లింపు పరిమితిని 1,000 డాలర్ల నుంచి 5,000కు, ఏడాది మొత్తాన్ని 10,000 నుంచి 50,000కు పెంచారు. 200 యువాన్ల లోపు చెల్లిస్తే అదనపు రుసుము లేదు, దాటితే మూడు శాతం పడుతుంది. యువానంటే పన్నెండు రూపాయల పైమాటే కాబట్టి టిఫిన్లు, టాక్సీలు చాలావరకు ఆ గీత లోపలే ఉంటాయి.

ఇంట్లో ఉండగానే చేయాల్సినవి మూడున్నాయి. అలీపేలో పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తి చేయాలి. కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలను తెరవాలి, మన కార్డుల్లో అది మామూలుగా మూసే ఉంటుంది. వేర్వేరు బ్యాంకుల కార్డులు కనీసం రెండు జోడించాలి, ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఇక ఓటీపీ వచ్చే భారతీయ సిమ్ము రోమింగ్‌లో, ఫోనులోనే ఉండాలి. చైనా వెళ్లాక కార్డు జోడిద్దాంలే అనుకున్నవాళ్లు విమానాశ్రయంలో వైఫై మూలన నిలబడి ఆ పని చేస్తుంటారు.

నగదును తిరస్కరించకూడదని చైనా కేంద్ర బ్యాంకు నిబంధన. కాగితం మీద హక్కుంది గానీ దుకాణంలో చిల్లరుండొద్దూ! రెండు మూడొందల యువాన్లు పది, ఇరవై నోట్లుగా జేబులో వేసుకుంటే చాలు. చిన్న చిన్న అమ్మకందారుల సొంత కోడ్‌లు కొన్ని విదేశీ కార్డును ఒప్పుకోవు. అక్కడ ఆ పది నోటే దిక్కు.

> బయల్దేరే ముందు ఫోనులోకి...
>
> అలీపే: చెల్లింపులతో పాటు దీదీ టాక్సీ, మెట్రో కోడ్ ఇందులోనే దొరుకుతాయి.
>
> వీచాట్: అక్కడి వాట్సాప్. హోటల్ వాళ్లు, వ్యాపారులు ముందు అడిగేది దీన్నే.
>
> ఏమ్యాప్: చైనా వాళ్ల దారి చూపే యాప్. ఆంగ్లంలోనూ ఉంది.
>
> 12306: రైల్వే వారి సొంత యాప్. ప్రయాణానికి 15 రోజుల ముందు టికెట్లు తెరుస్తారు.
>
> అనువాద యాప్: చైనీస్ భాషా ఫైలును ఇంట్లోనే దించుకోవాలి. నెట్ లేకున్నా పనిచేస్తుంది.
>
> ఫొటోలు: పాస్‌పోర్టు, వీసా, చైనీస్ లిపిలో హోటల్ చిరునామా.

గూగులమ్మ లేని ఊరు

హోటల్ వైఫై తగిలించగానే చాలామందికి గుండె జారుతుంది. వాట్సాప్ తిరుగుతూనే ఉంటుంది. జీమెయిల్ తెరుచుకోదు. యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్... దేనికీ ఉలుకూ పలుకూ ఉండదు. నెట్ పాడైపోలేదు, చైనాలో వాటికి అనుమతి లేదంతే. ఇంటి దగ్గర అమ్మ మాత్రం 'దిగావా నాన్నా?' అని వాట్సాప్‌లో మెసేజీ పెట్టి ఒక్క టిక్కు చూసుకుంటూ కంగారుపడుతుంటుంది.

మార్గం లేకపోలేదు. భారతీయ సిమ్ముతో రోమింగ్‌లో ఉంటే డేటా మన నెట్‌వర్క్ మీదుగా వెళ్లి వస్తుంది కాబట్టి వాట్సాప్, గూగుల్ మామూలుగానే పనిచేస్తాయి. పర్యాటకుల కోసం అమ్మే విదేశీ ఈ-సిమ్‌లదీ అదే సూత్రం. అక్కడే స్థానిక సిమ్ కొంటే చవక, కానీ అది అక్కడి నిషేధాలకు లోబడే ఉంటుంది. వెళ్లే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లండి, ఒక రాత్రి మెసేజీ రాకపోయినా బెంగపడొద్దని.

గూగుల్ మ్యాప్ తెరుచుకున్నా దాన్ని నమ్మి నడవకూడదు. చైనాలో పటాలకు వేరే కొలమానం వాడాలని నిబంధన. ఆ తేడాతో గూగుల్‌లో రోడ్లు, ఉపగ్రహ చిత్రం ఒకదానికొకటి కొన్ని వందల మీటర్లు జరిగి కనిపిస్తాయి. రోడ్డు మీద నిలబడ్డ మనిషిని నదిలో ఉన్నట్టు చూపిస్తుంది!

ఊళ్లో తిరగడానికి మెట్రోకు సాటి లేదు. 1997లో మొదటి లైను మొదలుపెట్టి ఇప్పుడు 600 కిలోమీటర్లు దాటించారు. కనీస టికెట్టు రెండు యువాన్లు. ప్రతి స్టేషన్లోనూ బ్యాగు స్కానర్‌లో పెట్టాలి. విమానాశ్రయం నుంచి మూడో లైను నగరంలోకి తీసుకొస్తుంది, అయితే తెల్లవారుజామున దిగినవాళ్లు ఆరింటి దాకా ఆగాల్సి వస్తుంది. ఆగలేకపోతే బయట 'టాక్సీ టాక్సీ' అని పిలిచేవాళ్ల వెంట పోకుండా లైనులో నిలబడి మీటరు టాక్సీ ఎక్కాలి. డ్రైవరుకు ఆంగ్లం రాదనే అనుకుని చైనీస్‌లో రాసిన చిరునామా చూపించాలి.

రైలు స్టేషన్ పేరు రెండుసార్లు చదువుకోవాలి. గ్వాంగ్‌జౌ, గ్వాంగ్‌జౌ తూర్పు, గ్వాంగ్‌జౌ దక్షిణం, గ్వాంగ్‌జౌ బైయున్... అన్నీ వేర్వేరు, దూరదూరంగా ఉంటాయి. సికింద్రాబాద్‌లో ఎక్కాల్సిన రైలు కోసం కాచిగూడలో నిలబడ్డట్టవుతుంది. కాగితం టికెట్టు లేదు, పాస్‌పోర్టే టికెట్టు. బయల్దేరడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, బతిమాలినా తీయరు.

అందగాడా, ఇలా రా!

మన దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లను 'అన్నా', 'అక్కా' అంటాం. గ్వాంగ్‌జౌ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి అబ్బాయైతే 'లెంగ్ జాయ్', అమ్మాయైతే 'లెంగ్ నూయ్' అని పిలుస్తారు. అందగాడా, అందగత్తే అని! అందంతో నిమిత్తం లేదు. బట్టతల పెద్దమనిషికీ బస్సులో అదే పిలుపు. విని పొంగిపోనక్కర్లేదు, జరగమంటున్నారంతే.

ఈ ఊరి సొంత భాష కాంటనీస్. బళ్లో, ఆఫీసులో మాండరిన్ నడుస్తుంది కాబట్టి 'నీ హావ్', 'షియె షియె' అందరికీ అర్థమవుతాయి. కానీ ఎవరైనా తలుపు తీసి పట్టుకున్నప్పుడు, టీ పోసినప్పుడు 'మ్‌గోయ్' అని చూడండి. థాంక్స్‌కు వాళ్ల మాట అది. గల్లాపెట్టె దగ్గర ముభావంగా ఉన్న మొహం కూడా విచ్చుకుంటుంది. టీ పోసేటప్పుడు మాట్లాడుతూ ఉంటే రెండు వేళ్లతో బల్ల మీద తట్టినా చాలు, కృతజ్ఞత చెప్పినట్టే. పూర్వం చియాన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ సేవకుడికి టీ పోశాడట. సాష్టాంగపడితే గుట్టు రట్టవుతుందని ఆ సేవకుడు వేళ్లు మడిచి బల్ల మీద మోకరిల్లించాడని కథ. నిజమో కాదో గానీ, ఏ టీ బల్ల దగ్గరైనా ఆ తట్టుడు వినిపిస్తుంది.

బేరాలకు భాష అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చేతులు మారుతుంది. ఒక్కోసారి ఒంటి చేతి వేళ్లతోనే అంకె చెబుతారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. మనకది ఫోను చేయమన్నట్టుంటుంది. టిప్పు ఇచ్చే ఆనవాయితీ లేదు, బల్ల మీద డబ్బు వదిలితే మరిచిపోయారని వెంటపడి ఇస్తారు.

శాకాహారమంటే వాళ్ల లెక్క వేరు

మాంసం తినేవాళ్లకు గ్వాంగ్‌జౌ స్వర్గం. తిననివాళ్లకు అదొక పరీక్ష. ఆకుకూర తెమ్మంటే నిజంగా ఆకుకూరే వస్తుంది, కాకపోతే పైన ఆయిస్టర్ సాస్ మెరుస్తుంటుంది, అడుగున కోడి రసం ఉంటుంది. వాళ్ల దృష్టిలో ముక్క కనపడకపోతే అది కూరే. 'మాంసం వద్దు' అంటే చాలదు. మాంసం, చేప, గుడ్డు, రసం, సాస్... ఏవేవి వద్దో చైనీస్‌లో రాయించి ఫోనులో పెట్టుకోవాలి. 'వొ ఛి సు' (నేను శాకాహారిని) అన్న మాట ఒక మెట్టు ఎక్కిస్తుంది. ఇంకా నిశ్చింత కావాలంటే బౌద్ధ గుళ్ల దగ్గర శాకాహార భోజనశాలలుంటాయి, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా తగలవు.

పొద్దున్నే దొరికే తెల్ల జావ 'బాక్ జుక్' మన గంజికి అక్క వరస. పచ్చడి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. పల్చటి బియ్యప్పిండిని ఆవిరి పళ్లెం మీద పోసి, పొరగా లాగి చుట్టే 'చెంగ్ ఫన్' చూస్తే ఆత్రేయపురం పూతరేకు తడిసి వచ్చినట్టుంటుంది. లోపల ఏం పెట్టారో అడిగి తినాలి. హలాల్ కోరేవాళ్లకు లాన్‌జౌ నూడుల్స్ దుకాణాలు ఊరంతా ఉన్నాయి. ఆఫ్రికా, అరబ్, భారతీయ వ్యాపారులు ఎక్కువగా మసలే షియావోబెయ్ ప్రాంతంలో మన రుచులూ దొరుకుతాయి. కుళాయి నీళ్లు తాగకూడదు. వేడినీళ్లు మాత్రం హోటల్లో, స్టేషన్లో, రైల్లో ఊరికే ఇస్తారు. ఒక ఫ్లాస్కు ఉంటే ఖర్చూ తప్పుతుంది, కడుపూ చల్లగా ఉంటుంది.

> ఎప్పుడు వెళ్లకూడదు?
>
> ఏప్రిల్ 15 - మే 5, అక్టోబరు 15 - నవంబరు 4: కాంటన్ ఫెయిర్ రోజులు. హోటల్ ధరలు ఆకాశంలో ఉంటాయి. వ్యాపారులు తమ సరుకు ఏ విడతలో ఉందో చూసుకోవాలి. మొదటి విడత యంత్రాలు, ఎలక్ట్రానిక్స్. రెండోది ఇంటి వాడక సామాన్లు, ఫర్నిచర్. మూడోది బట్టలు, బొమ్మలు.
>
> అక్టోబరు 1 నుంచి వారం, మే డే, చైనా కొత్త సంవత్సరం: దేశమంతా రైళ్లలోనే ఉంటుంది.
>
> ఏప్రిల్ - సెప్టెంబరు: ముందు ఎడతెగని వానలు, తర్వాత ఉక్కపోత, తుపాన్లు. కోస్తా వాళ్లకు కొత్త కాదు.
>
> మిగిలింది: నవంబరు మొదటి వారం దాటాక డిసెంబరు దాకా హాయి.

కంచి నుంచి వచ్చినవాడు దిగిన చోటు

600 మీటర్ల కాంటన్ టవర్‌ను ఎలాగూ ఎవరూ వదలరు. చెప్పాల్సింది మిగతా వాటి గురించి. చాంగ్‌షౌ లు మెట్రో స్టేషన్ దగ్గర, పచ్చరాళ్లు అమ్మే దుకాణాల సందుల మధ్య హ్వాలిన్ గుడి ఉంది. ఆరో శతాబ్దం తొలినాళ్లలో దక్షిణ భారతం నుంచి ఓడలో వచ్చిన బోధిధర్ముడు చైనా నేల మీద మొదట కాలు పెట్టింది అక్కడేనని వాళ్ల నమ్మకం. ఆయన కంచి పల్లవ రాకుమారుడని మన వైపు చెప్పుకుంటారు, '7వ సెన్స్' సినిమాతో తెలుగు పిల్లలకూ పరిచయమే. ఓడ దిగిన ఆ చోట ఇప్పుడు నది కనిపించదు. నది జరిగి, ఊరు పెరిగింది.

యుయేషియు కొండ దగ్గర 1983లో బయటపడ్డ, పూర్వం ఇక్కడి నాన్‌యుయే రాజ్యాన్ని ఏలిన రాజు సమాధిని మ్యూజియం చేశారు. పచ్చరాతి పలకలను పట్టుదారంతో కుట్టి రాజు శవానికి తొడిగిన కవచం అక్కడుంది. గ్వాంగ్‌జౌ వెళ్లి ఒకే ఒక్కటి చూడగలిగితే అదే చూడాలి. మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. సాయంత్రం బీజింగ్ రోడ్డులో నడుస్తూ కాళ్ల కింద అద్దంలోంచి చూస్తే, తవ్వకాల్లో దొరికిన పాత రహదారి పొరలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఎదురుగా ఐస్‌క్రీముల దుకాణాలు, కింద వందల ఏళ్ల నాటి బాట.

ఇవి కూడా గుర్తుంచుకోండి

గ్వాంగ్‌జౌ వీధులు రాత్రిళ్లూ భద్రమే. జాగ్రత్త పడాల్సింది అతి స్నేహంతోనే. ఆంగ్లం బాగా మాట్లాడే కుర్రకారు తామే పలకరించి 'టీ తాగుదాం రండి' అని తీసుకెళ్లి, చివర్లో వేల యువాన్ల బిల్లు చేతికిచ్చే మోసం చైనా పెద్ద నగరాల్లో పాతదే. టీ దుకాణాన్ని ఆ కుర్రాళ్లు ఎంచుకుంటే వెళ్లకూడదు, మీరు ఎంచుకుంటే పరవాలేదు.

చైనాలో దేశీయ విమానాలెక్కేవాళ్ల పవర్ బ్యాంకు మీద '3సీ' ముద్ర ఉండాలన్నది 2025 జూన్ 28 నుంచి నిబంధన. మన దగ్గర కొన్నవాటికి సాధారణంగా ఆ ముద్ర ఉండదు, తనిఖీలో తీసేసుకుంటారు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి గోడలో దూరదు, అడాప్టర్ కావాలి. మందులు చీటీతో పాటు పట్టుకెళ్లాలి. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టాకే వైద్యం కాబట్టి ప్రయాణ బీమా తీసుకోవాలి. 'మావాడికి ఈ పొట్లం ఇవ్వండి' అని ఎవరేమిచ్చినా విప్పి చూడకుండా తీసుకోవద్దు. మాదకద్రవ్యాల రవాణాకు చైనాలో మరణశిక్ష దాకా ఉంది. పోలీసుకు 110, అంబులెన్సుకు 120. భారత కాన్సులేట్ జనరల్ ఆ ఊళ్లోనే ఉంది, దాని నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోవాలి. ఫోను చచ్చిపోయినప్పుడు కాగితమే బతికుంటుంది.

ఇన్ని చెప్పాక మళ్లీ ఆ టీ హోటల్ సంగతి. కూజా ఖాళీ అయితే ఎవర్నీ కేకేయక్కర్లేదు. మూత తీసి పక్కకు వాల్చి ఉంచండి, ఎవరో ఒకరు వచ్చి వేడినీళ్లు నింపి వెళ్తారు.